అద్దాల బీరువాలో వెండి కొంగ

వెండి ముళ్ళపందిని నేను మొదటిసారి చూసింది ఏలూరు మెయిన్ బజారులో, ఒక వెండి కొట్టువాళ్ళ తక్కెట్లో. అరిగిపోయిన పట్టీలు, తెగిపోయిన మొలతాళ్ళు, సొట్టలు పడ్డ కుంకంభరిణెల మధ్య నాలుగు కాళ్ళూ పైకి పెట్టి వెల్లకిలా పడి ఉంది. నేను పాత పట్టీలు మార్చి పూజకి ఒక గిన్నె తెచ్చుకుందామని వెళ్ళాను.

"ఇదేంటండీ?" అని అడిగాను.

కొట్టాయన దాన్ని తిప్పి చూసి, "అగరొత్తుల స్టాండు అనుకుంటానండీ. కరిగించడానికి వచ్చింది" అన్నాడు.

దాని వీపు నిండా సన్నటి చిల్లులు. అన్ని అగరొత్తులు ఒకేసారి ఎవరు వెలిగిస్తారు? పైగా ఆ చిల్లుల్లో అగరొత్తు దూరదు కూడా. ముక్కు దగ్గర, చెవుల దగ్గర ఎవరో కూర్చుని ఎంత ఓపిగ్గా చెక్కారో తెలుస్తూనే ఉంది. రేపో ఎల్లుండో అది కొలిమిలోకి పోతుంది. ఆ రోజు ఇంటికి గిన్నె రాలేదు, ముళ్ళపంది వచ్చింది.

అది పళ్ళు కుట్టుకునే పుల్లలు గుచ్చిపెట్టే గిన్నె అని తరవాత మా కాలేజీ కంప్యూటర్లో వెతుక్కుంటే తెలిసింది. దొరల కాలంలో భోజనాల బల్ల మీద ఇలాంటివి పెట్టేవాళ్ళట. మా ఆయన విని పడీ పడీ నవ్వారు. "పళ్ళు కుట్టుకోడానికి వెండి పందా! మా నాన్న చీపురుపుల్ల విరిచి కుట్టుకునేవాడు" అన్నారు. అయినా దాన్ని టీవీ పక్కన పెట్టింది ఆయనే.

నేను తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. రోజూ ఏలూరు నుంచి పాసింజరులో వెళ్ళి వచ్చేదాన్ని. మా ఆయన ఇరిగేషన్ ఆఫీసులో పని చేసేవారు. మాకు పిల్లలు లేరు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత జరిగిందంతా దాని చుట్టూనే తిరిగింది కాబట్టి. తిరగాల్సిన డాక్టర్ల దగ్గరికల్లా తిరిగాం, మొక్కాల్సిన దేవుళ్ళకల్లా మొక్కాం, ఒక వయసొచ్చాక ఇద్దరం ఏమీ అనుకోకుండానే ఆపేశాం. వెండి మీద నా ఇష్టం మొదలైంది ఆ తరవాతే. దీనికీ దానికీ లంకె పెట్టి మాట్లాడేవాళ్ళు మా బంధువుల్లో చాలామంది ఉన్నారు. నేను పెట్టను. నాకు ఆ వస్తువులు నచ్చాయి, అంతే.

వెండి కొట్లవాళ్ళకి నా ఫోన్ నెంబరు ఇచ్చి ఉంచాను. పాత వెండిలో ఏదైనా వింతగా కనిపిస్తే, "మేడమ్‌గారూ, పుల్లల గిన్నె లాంటిదొకటి వచ్చిందండీ, ఓసారి చూస్తారా?" అని చేసేవాళ్ళు. అలా ఏళ్ళ తరబడి పోగయ్యాయి. బుట్ట మోస్తున్న అమ్మాయి, చేతికర్ర పట్టుకున్న కోతి, తోక విప్పిన నెమలి. చిటికెడు ఉప్పు పట్టే గిన్నెలు, ఉడికిన గుడ్డు నిలబెట్టుకునే కప్పులు, రుమాలు చుట్టే రింగులు కూడా వచ్చాయి. వాటిని పాత పంచెల ముక్కల్లో చుట్టి, నల్లబడకుండా మధ్యమధ్యన సుద్దముక్కలు పెట్టేదాన్ని. శుభ్రం చెయ్యడానికి విభూతి, మెత్తటి గుడ్డ, అంతకుమించి ఏదీ వాడనిచ్చేదాన్ని కాదు. పనమ్మాయిని కూడా ముట్టుకోనిచ్చేదాన్ని కాదు.

వాటన్నిటిలోకీ నాకు ప్రాణం కొంగ. తాడేపల్లిగూడెంలో స్టేషనుకి దగ్గర్లో, పడగొట్టిన ఇళ్ళ తలుపులూ స్తంభాలూ కొని అమ్మే డిపో ఒకటి ఉండేది. దాని యజమాని బల్ల మీద అగ్గిపుల్లలు గుచ్చుకోడానికి వాడుతున్నాడు దాన్ని. ఒంటికాలి మీద నిలబడి, మెడ వంచి కిందికి చూస్తున్న కొంగ. దాని పక్కన కాడతో సహా ఒక తామరకాయ. తామరకాయకి పైన సహజంగానే చిల్లులుంటాయి కదా, పుల్లలు గుచ్చేది ఆ చిల్లుల్లోనే. ఎవరో మద్రాసు పనివాడు ఏ దొర బల్ల కోసమో చేసి ఉంటాడు. కానీ ఆ కొంగ మాత్రం ఏ దొరల దేశంలోదీ కాదు. మెడ మీద ఈకలు గోటికి ఒక్కొక్కటీ విడివిడిగా తగిలేవి. ఇవ్వనని బెట్టు చేసిన ఆయన దగ్గర నుంచి దాన్ని రాబట్టుకోడానికి ఎన్నిసార్లు కాలేజీ అయ్యాక రైలు వదులుకున్నానో.

అది ఇంటికి రాగానే మొట్టమొదట చూపించింది అక్కకే.

అక్క నాకన్నా బాగా పెద్దది. అమ్మ ఎప్పుడూ మంచం మీదే ఉండేది, అందుకని నాకు జడ వేసిందీ, స్నానం చేయించిందీ, అన్నం కలిపి పెట్టిందీ అక్కే. మా నాన్న బడిపంతులు. మా ఇంట్లో ఒక్క కుంకంభరిణె తప్ప వెండి అన్నది లేదు. సెలవలకి కొల్లేటి గట్టు మీద ఉన్న మామయ్యగారి ఊరు వెళితే, అక్క పీకల్లోతు నీళ్ళలోకి దిగి తామరకాయలు కోసుకొచ్చి, గింజలు వలిచి నా చేతిలో పోసేది. అందుకే ఆ కొంగని అక్క చేతిలో పెట్టి, మొహంలోకి చూస్తూ నిలబడ్డాను.

అక్క దాన్ని అరచేతిలో ఎగరేసినట్టు చూసి, "ఎంత తూగిందే?" అంది.

చెప్పాను.

"పనితనం ఉందిలే కానీ, నీకెందుకే ఇవన్నీ? ఎవరి కోసం దాస్తున్నావు?"

అక్క ఆ మాట ప్రేమగానే అంది. అప్పట్లో అలాగే అనుకున్నాను.

అక్కని గణపవరం దగ్గర ఒక రైతు కుటుంబంలో ఇచ్చారు. చేసుకున్నప్పుడు వరిపొలాలు. తరవాత అవన్నీ చేపల చెరువులయ్యాయి. బావగారు పెద్దవారయ్యారు. ఒక్కడే కొడుకు. మా వాడు, మా వాడు అంటూనే నేనూ పెంచాను వాణ్ణి. చిన్నప్పుడు సెలవలన్నీ మా ఇంట్లోనే గడిపేవాడు, నా పక్కలోనే పడుకునేవాడు. వాడు పెద్దయ్యాక చెరువులు నాన్నకి వదిలేసి, గుండుగొలను దాటాక హైవే పక్కన పెద్ద ఫంక్షన్ హాలు కట్టాడు. ఏసీ, షాండ్లియర్లు, వెనకాల పెద్దవాళ్ళు విడిగా కూర్చుని భోంచెయ్యడానికి ఒక ప్రత్యేకమైన గది.

ఓపెనింగుకి ముందు అక్క, వాడు, కోడలు ముగ్గురూ కలిసి వచ్చారు. కాఫీలయ్యాక వాడు మొదలుపెట్టాడు.

"పిన్నీ, నీ వెండి సామానంతా ఆ గదిలో అద్దాల బీరువాలో పెడదామనుకుంటున్నా. లైట్లు పెట్టిస్తా. జిల్లాలో ఏ హాల్లోనూ అలాంటిది లేదు."

"వద్దురా. చేతులు మారితే పాడైపోతాయి" అన్నాను.

"తాళం వేసి పెడతాం కదండీ చిన్నత్తయ్యగారూ. ఎవరూ ముట్టుకోరు" అంది కోడలు.

"ఓపెనింగు వరకేనే. అందరూ చూసి మెచ్చుకుంటారు. ఈ బీరువాలో గుడ్డల్లో చుట్టి ఉంచితే ఎవరు చూశారు ఇన్నాళ్ళూ?" అంది అక్క.

నేను మా ఆయన వంక చూశాను. ఆయన కప్పులోకి చూస్తూ, "ఇవ్వరాదూ, పిల్లాడు ముచ్చటపడుతున్నాడు" అన్నారు.

ఇచ్చాను. నేనే స్వయంగా వెళ్ళి సర్దాను. కొంగని మధ్య అరలో, లైటు పక్కనుంచి పడేలా పెట్టాను. తాళం వేసి చెవి అక్క చేతికిచ్చాను. ఓపెనింగు రోజు జనం ఆ బీరువా ముందు ఆగి ఆగి చూశారు. అక్క నా చెయ్యి పట్టుకుని తిప్పింది. "మా చెల్లెలు పోగేసిందండీ ఇవన్నీ. కాలేజీలో లెక్చరరు" అని అందరికీ చెప్పింది. ఆ రోజు నాకు సంతోషం కలగలేదంటే అబద్ధమే అవుతుంది. ఇన్నేళ్ళకి నా పిచ్చిని పిచ్చి అనకుండా చూశారని పొంగిపోయాను.

తెచ్చేసుకుంటానంటే అక్క, "ఉండనీవే కొన్నాళ్ళు, బీరువా బోసిపోతుంది" అంది. సరే అన్నాను. తరవాత మళ్ళీ అడిగితే పెళ్ళిళ్ళ సీజను అంది. మా ఆయనకి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి, నేను రిటైరయ్యాను, నెలలు గడిచిపోయాయి.

ఆ హాల్లోనే మా కాలేజీలో పనిచేసినావిడ కూతురి నిశ్చితార్థం అయితే వెళ్ళాను. భోజనాలప్పుడు నన్ను గౌరవంగా ఆ లోపలి గదిలోనే కూర్చోబెట్టారు. విస్తరి ముందు కూర్చుని చూద్దును కదా, బల్ల మధ్యలో నా వెండి నెమలి. దాని తోక నిండా ప్లాస్టిక్ సంచిలోంచి తీసిన పంటిపుల్లలు. రెక్క మీద ఎండిపోయిన గోంగూర పచ్చడి. చేతిలోకి తీసుకుంటే కొత్త గ్లాసులా తళతళ మెరిసిపోతోంది. ఎక్కడో మిషను పాలిష్ పట్టించారు. తోక మీద సన్నటి గీతలన్నీ చెరిగిపోయి నున్నగా జారిపోతోంది వేలికి.

తినకుండానే లేచి బీరువా దగ్గరికి వెళ్ళాను. ముందు వరసలో ఉండాల్సినవి చాలా లేవు. ఖాళీలు కనపడకుండా ప్లాస్టిక్ పూలకుండీలు పెట్టారు. కోతి లేదు. బుట్ట అమ్మాయి లేదు. మధ్య అరలో కొంగ లేదు.

కోడలు అప్పుడే అటు వచ్చింది. ఆ పిల్ల మొహంలో తప్పు చేసిన ఛాయే లేదు, ఇప్పటికీ ఆ మాట చెప్తాను.

"కొంగ ఏదమ్మా?" అన్నాను.

"కొంగా అండీ? అది కలిదిండిలో మాకు తెలిసినవాళ్ళ గృహప్రవేశానికి పెట్టామండీ. మా చెరువులకి చేపపిల్లల సీడ్ ఇచ్చేది వాళ్ళే కదండీ, బాగా పెద్ద పార్టీ. అందరూ వెండి కంచాలూ గ్లాసులూ పెడుతున్నారు, ఇదైతే వెరైటీగా ఉంటుందన్నారు అత్తయ్యగారు."

"మిగతావి?"

"పెద్దవాళ్ళు ఎవరైనా వచ్చినప్పుడు రిటర్న్ గిఫ్టు కింద ఒక్కోటి..." అంటూ ఆ పిల్ల నా మొహం చూసి ఆగిపోయింది. "మీకు చెప్పలేదా అండీ?"

అక్క హాలు పక్కనే ఉన్న ఆఫీసు గదిలో పూలవాళ్ళతో మాట్లాడుతోంది. వాళ్ళు వెళ్ళేదాకా నిలబడ్డాను. తలుపు వేసి అడిగాను.

"నా వస్తువులు నన్నడక్కుండా ఎలా ఇచ్చావక్కా?"

"కూర్చో ముందు. ఎందుకలా వణికిపోతున్నావు? బీపీ మాత్ర వేసుకున్నావా?"

"కొంగనిచ్చేశావు. దాన్ని నీకే మొదట చూపించాను నేను."

"అబ్బా, దానికేముందే. తూకానికి తూకం కొత్త వెండి ఇప్పిస్తాను, నాలుగు తులాలు ఎక్కువే వేయిస్తాను. అదంతా కల్తీ వెండి అని పాలిష్ పట్టినవాడే చెప్పాడు. నీకే లాభం."

"నాకు కొత్త వెండి అక్కర్లేదు."

అక్క నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. తరవాత, నాకు చిన్నప్పుడు అన్నం తినిపించేటప్పటి గొంతుతోనే, చాలా నెమ్మదిగా అంది:

"చూడవే, మీ ఇద్దరి తరవాత అవన్నీ ఎవరికి రావాలి? మా వాడికేగా. నీకు మాత్రం వాడు కాక ఎవరున్నారు? రేపు వచ్చేది వాడు కాస్త ముందు వాడుకున్నాడు. దానికింత గొడవా?"

అక్క కోపంగా అని ఉంటే తట్టుకునేదాన్నేమో. ఆ మాట ఆమె ఎప్పుడో అనుకుని, నమ్మి, అలవాటు పడిపోయి, నాకూ తెలిసే ఉంటుందనుకుని అంది. నా బీరువాని, నా ఇంటిని, బహుశా నన్ను కూడా ఎన్నేళ్ళుగానో అలాగే చూస్తున్నారు వాళ్ళు. ఇంకా ఖాళీ కాని ఇల్లులాగా.

"నేనింకా బతికే ఉన్నానక్కా" అన్నాను.

"ఇదిగో, ఇలాంటి మాటలే నాకు నచ్చనివి" అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ. ఏడ్చింది ఆమే. నేను ఏడవలేదు. తలుపు తీశాక బయట ఉన్నవాళ్ళకి ఎవరు ఎవర్ని బాధపెట్టినట్టు కనిపించిందో ఊహించుకోవచ్చు.

మిగిలినవి ఆ సాయంత్రమే మూట కట్టుకుని ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆయనకి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు విని, "పోనీలేవే. అక్కే కదా. వెండి కోసం రక్తసంబంధం పోగొట్టుకుంటామా?" అన్నారు. పోగొట్టింది ఎవరని ఆయన్ని అడగలేదు. ఆయన కూడా మనసులో అక్క కొడుకు వంకే చూస్తున్నారని నాకు అప్పుడే అర్థమైంది. ముసలితనంలో వాడు కావాలి మాకు. ఆయన భయం ఆయనది.

కొంగని మాత్రం వదిలిపెట్టలేకపోయాను. కోడలికి ఫోన్ చేసి ఇల్లెక్కడో కనుక్కుని, మా ఆయనకి గుడికని చెప్పి, కైకలూరు బస్సెక్కాను. అక్కడి నుంచి కలిదిండి. దారి పొడుగునా చెరువులూ, గట్ల మీద మేత బస్తాలూ, నీళ్ళని చిలుకుతున్న మిషన్లూ. కొత్త ఇల్లు దూరం నుంచే తెలిసిపోయింది, మూడంతస్తులు, గ్రానైటు మెట్లు. "నేను ఫలానా ఆవిడ చెల్లెల్నండీ" అనగానే ఇంటావిడ ఎదురొచ్చి చేతులు పట్టుకుంది.

"అయ్యో, ఫోన్ చేస్తే కారు పంపేవాళ్ళం కదండీ! ఎండలో పడి వచ్చారు. ముందు మజ్జిగ తాగండి."

మంచి మనిషి. నా కంటే చిన్నదే. మజ్జిగ ఇచ్చింది, అరటిపళ్ళు పెట్టింది, ఇల్లంతా తిప్పి చూపించింది. పూజగది దగ్గరికి వచ్చేసరికి కనపడింది. తామరకాయలో చిల్లు పెద్దది చేసి అగరొత్తులు గుచ్చారు. కొంగ మెడ పొగకి పచ్చగా మారింది. ఈకలు లేవు. పాలిష్ పట్టి పట్టి, బొచ్చు పీకిన కోడి మెడలా చేశారు.

నేను దాని వంకే చూస్తూ నిలబడటం ఆవిడ గమనించింది.

"మీ అక్కగారు పెట్టిందేనండీ. వాళ్ళ అత్తగారు కాపరానికి వస్తూ తెచ్చుకున్నదటగా! ఎన్ని తరాలుగానో ఇంట్లో ఉన్నది మాకిచ్చేశారంటే ఎంత అభిమానమండీ. మా ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అందుకే దేవుడి దగ్గర పెట్టాను."

దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ వచ్చాను. అది నాదండీ, పొరపాటున వచ్చింది, దయచేసి ఇప్పించండి అని. ఆ మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. ఇప్పుడు అది నాదంటే అక్క ఈ ఊళ్ళో అబద్ధాలకోరు అవుతుంది. బావగారి వ్యాపారం, వాడి హాలు, వీళ్ళ మధ్య ఉన్న మర్యాద అంతా పోతుంది.

"అవును కదండీ? అత్తగారిదేనట కదా?" అని ఆవిడ మళ్ళీ అడిగింది, మురిపెంగా.

"అవునండీ" అన్నాను. "ఆవిడకి చాలా ఇష్టమండీ అది."

వచ్చేటప్పుడు బొట్టు పెట్టి, జాకెట్టు ముక్కా తాంబూలమూ చేతిలో పెట్టింది. కారులో కైకలూరు దాకా దింపించింది. దారిలో డ్రైవరు చేపల ధర పడిపోయిందని ఏదో చెప్తూనే ఉన్నాడు. అక్క పరువు కాపాడటానికే అలా అన్నానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, నాకు చేతకాలేదు. ఎదుటివాళ్ళు మర్యాదగా మాట్లాడితే నాది నాదనడం నాకు ఎవరూ నేర్పలేదు.

మిగిలిన సామానంతా ఆ ఏడాదే అమ్మేశాను. విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చాడు, ఇలాంటివి పోగేసే మనిషే. గుడ్డ చేతికి చుట్టుకుని ఒక్కొక్కటీ తీసి, కిటికీ దగ్గర వెలుతురులో చూసి, మళ్ళీ గుడ్డలో పెట్టాడు. తూకం అడగలేదు. ముళ్ళపందిని కూడా ఇచ్చేశాను. కాస్త ఊరట కలుగుతుందనుకున్నాను. ఆయన పెట్టె మోసుకుని గేటు దాటాక, బీరువా తలుపులు వేసి, వంట చేసుకున్నాను.

అక్కకి ఎలా తెలిసిందో, మర్నాడు ఫోన్ చేసింది. హాలు గొడవ తరవాత అదే మొదటిసారి.

"అమ్మేశావటగా. మాకో మాట చెప్పొద్దటే? మా వాడు కొనుక్కునేవాడుగా. బయటివాడికి ఇవ్వాల్సిన ఖర్మేంటి?"

"నీళ్ళు కాగుతున్నాయక్కా, తరవాత చేస్తాను" అన్నాను. చెయ్యలేదు. ఆవిడా చెయ్యలేదు. బంధువుల్లో మాత్రం నేను సొంత అక్క కొడుక్కి దక్కకూడదనే కక్షతో అయినకాడికి అమ్ముకున్నానని చెప్పుకున్నారు. నన్నెవరూ అడగలేదు. ఫంక్షన్లకి మా ఆయన ఒక్కరే వెళ్ళి, వచ్చాక, నీకు మోకాలు నొప్పిగా ఉందని అక్కడ చెప్పానులే అనేవారు.

మొన్న వానల్లో మా ఆయన బాత్రూములో జారిపడ్డారు. తుంటి విరిగింది. నేను వీధిలోకొచ్చి అరిస్తే ఎదురింటివాళ్ళు వచ్చారు. ఎవరికి చెయ్యమంటారండీ ఫోను అని అడిగారు. నా నోటికొచ్చింది వాడి పేరే. వేరే పేరు లేదు.

వాడు గుండుగొలను నుంచి ఎంత వేగంగా వచ్చాడో. పిన్నీ నువ్వు లే, నేను చూసుకుంటాను అని, బాబాయిని పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి కారులో పడుకోబెట్టాడు. ఆస్పత్రిలో డాక్టర్లతో మాట్లాడింది వాడే, సంతకాలు పెట్టింది వాడే, ఆపరేషను అయ్యేదాకా బయట కుర్చీలోనే కూర్చుంది వాడే. నాకు ఇడ్లీ తెప్పించి, తినేదాకా వదల్లేదు. అక్క ఫ్లాస్కులో కాఫీ పంపింది, తను రాలేదు. కాఫీలో చక్కెర సరిగ్గా నాకు కావాల్సినంతే వేసింది. తాగాను.

డిశ్చార్జి రోజు మా ఆయన వెనక సీట్లో పడుకుని, "వీడు లేకపోతే ఏమైపోయేవాళ్ళమే" అన్నారు, వాడికి వినపడేలా. నేను ముందు సీట్లో కూర్చున్నాను. ఫైర్‌స్టేషను సెంటర్లో సిగ్నలు దగ్గర కారు ఆగింది.

"పిన్నీ" అన్నాడు వాడు స్టీరింగు మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "ఇంకా కోపంగానే ఉన్నావా మా మీద?"

"లేదురా" అన్నాను. "ఎందుకుంటుంది?"

"నాకు తెలుసు పిన్నీ నువ్వుండవని" అని నవ్వి, ఏసీ కాస్త తగ్గించాడు, నాకు చలిగా ఉంటుందని.